సైన్ ఆఫ్ తర్వాత: విశ్రాంత ఓడ సిబ్బంది వైద్య హక్కు

ఓడల మీద పనిచేసి కాలం చేసినవారి జ్ఞాపకార్థం జరిగే ఉపన్యాసమిది. ఇలాంటి వేదిక ఎక్కినవాళ్లు సాధారణంగా సముద్రం గురించీ సాహసం గురించీ మాట్లాడతారు. నావికుడి ధైర్యాన్ని మెచ్చుకోవలసిందే. కానీ ఆ మెచ్చుకోలు చాటున ఒక ప్రశ్న ఎప్పుడూ మరుగున పడిపోతోంది. ముప్పై ఏళ్లు ఇంజన్ రూములో పనిచేసి ఇంటికొచ్చేసిన మనిషికి అరవై ఐదో ఏట ఊపిరితిత్తుల జబ్బు బయటపడితే ఆసుపత్రి ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? అతని భార్యకు మోకాళ్ల ఆపరేషన్ కావలసివస్తే? మన దేశంలో సరుకు ఓడల సిబ్బంది విషయంలో దీనికి ఈ రోజుకీ సూటి సమాధానం లేదు. ఉండాలని నా వాదన. అది దయాధర్మంగా ఉండకూడదు. నావికుడి జీతంలోంచి, యజమాని ఆదాయంలోంచి, ప్రభుత్వ ఖజానాలోంచి ముందే తీసిపెట్టిన సొమ్ము మీద అతనికీ, అతని ఇంటివాళ్లకీ ఉండే హక్కుగా ఉండాలి.

విశాఖపట్నం రేవునే చూడండి. తూర్పు నౌకాదళ కమాండ్ ఇక్కడే ఉంది. నౌకాదళంలో పెన్షన్‌తో దిగిపోయిన నావికుడికి 2003 ఏప్రిల్ 1న మొదలైన ఈసీహెచ్ఎస్, అంటే మాజీ సైనికుల వైద్య పథకం ఉంది. హోదాను బట్టి ఒక్కసారి చందా కడితే అతనూ, భార్యా, అతని మీద ఆధారపడిన తల్లిదండ్రులూ ఆ పథకంలోకి వస్తారు. ఆ రేవులోనే పోర్టు ఉద్యోగిగా రిటైరైనవాడికి చందా పద్ధతిలో వైద్యం అందే ఏర్పాటు ఉంది. ఇక మూడో మనిషి మర్చంట్ నేవీవాడు. ఇదే ఊళ్లో సింధియా అనే ప్రాంతానికి ఆ పేరు ఒక ఓడల కంపెనీ పేరు మీదుగా వచ్చింది. ఆ కంపెనీ 1941లో ఇక్కడ ఓడల కార్ఖానాకు పునాది వేయించింది. 1948 మార్చి 14న నెహ్రూ గారు అక్కడ కట్టిన జలఉష ఓడను నీళ్లలోకి దింపారు. స్వతంత్ర దేశానికి తిండిగింజలూ, చమురూ, ఎరువులూ మోసుకొచ్చినవి అలాంటి సరుకు ఓడలే. ఈ ముగ్గురూ ఒకే రేవు నీళ్ల మీద బతికినవాళ్లు. అందులో మూడోవాడు ఆఖరిసారి సైన్ ఆఫ్ అయి, అంటే ఓడ ఒప్పందం ముగించుకుని, నిచ్చెన దిగిన రోజున, ఈసీహెచ్ఎస్‌తో పోల్చదగిన వైద్యపు కార్డు ఏదీ అతని చేతిలో ఉండదు.

ఈ కోరిక కొత్తదేమీ కాదు. నిజానికి కూలీ ఆరోగ్యానికి జీతంలోంచి కోత పెట్టి నిధి కట్టడమన్న ఆలోచనే చాలా దేశాల్లో ఓడల మీద పుట్టింది. ఇంగ్లండులో 16వ శతాబ్దం చివర ఛాథమ్‌లో యుద్ధనౌకల నావికుల కోసం ఒక నిధి ఏర్పడింది. నెలకు ఆరు పెన్నీల చొప్పున జీతంలోంచి తీసి ఒక ఇనుప పెట్టెలో వేసేవారు. ఆ పెట్టెకు ఐదు తాళాలు. ఎవరో ఒక్కరు తెరిచి సొమ్ము కాజేయకుండా ఐదుగురి దగ్గర ఐదు తాళంచెవులు. ఆ పెట్టెను తలచుకున్నప్పుడల్లా నాకనిపిస్తుంది, సామాజిక భద్రత మీద నాలుగు శతాబ్దాలుగా రాసిన పుస్తకాల సారమంతా ఆ తాళాల్లోనే ఉందని. సొమ్ము నావికుడిది, కాపలా అందరిదీ. కానీ దాని తర్వాతి అధ్యాయం చూస్తే మనసు చివుక్కుమంటుంది. 1694లో గ్రీనిచ్‌లో నావికుల ఆసుపత్రిని స్థాపించారు. దాని పోషణకని 1696 చట్టం సరుకు ఓడల కళాసీల జీతంలోనూ నెలకు ఆరు పెన్నీలు కోసింది. కట్టింది ఇద్దరూ, చోటు దొరికింది మాత్రం ప్రధానంగా యుద్ధనౌకల వాళ్లకు. శత్రువుతో పోరాడి దెబ్బతింటే తప్ప సరుకు ఓడ నావికుడికి ఆ తలుపు తెరుచుకునేది కాదు. ఈ కోత 1834 దాకా సాగింది. హక్కులేని చందా ఎంత అన్యాయమో తెలుసుకోవడానికి ఆ 138 ఏళ్లు చాలు.

అమెరికా కథ దీనికి తిరగబడిన కథ. 1798 జూలై 16న అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ సంతకం చేసిన చట్టం ప్రకారం ప్రతి నావికుడి జీతంలోంచి నెలకు 20 సెంట్లు తీసేవారు. విదేశం నుంచి వచ్చిన ఓడ కెప్టెన్ ముందు కస్టమ్స్ అధికారికి మనుషుల లెక్క చెప్పి ఆ సొమ్ము కట్టాలి. అప్పుడే ఓడకు ప్రవేశం. ఎగవేతకు సందు లేని ఏర్పాటు అది. ఆ సెంట్లతోనే రేవు పట్టణాల్లో మెరైన్ ఆసుపత్రులు లేచాయి. 1887లో స్టేటన్ ఐలాండ్‌లోని మెరైన్ ఆసుపత్రిలో జోసెఫ్ కిన్యూన్ తెరిచిన చిన్న ప్రయోగశాలే పెరిగి పెద్దదై ఇవాళ్టి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలైంది. ఒక దేశపు ప్రజారోగ్య వ్యవస్థకు విత్తనం కళాసీ జీతంలోంచి పడిందన్నమాట. అయితే 1884లో ఆ కోతను ఎత్తేశారు. నావికుడికి భారం తగ్గిందని అందరూ సంతోషించే ఉంటారు. ఖర్చు ముందు ఓడల టన్నేజీ పన్ను మీదికి, తర్వాత మామూలు బడ్జెట్ మీదికి మళ్లింది. వైద్యం యథాప్రకారం అందుతూనే ఉంది. మారిందల్లా దాని స్వభావం. జీతం మినహాయించుకుని సంపాదించిన హక్కు కాస్తా ఒక వర్గానికి ఖజానా ఇచ్చే రాయితీగా కనబడటం మొదలైంది. 1981లో ఖర్చు తగ్గించుకునే బడ్జెట్ చట్టం ఒకటి వచ్చినప్పుడు, ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవాళ్లకు ప్రభుత్వ వైద్యం ఎందుకన్న ప్రశ్న వచ్చింది. జవాబు చెప్పడానికి నావికుల చేతిలో చందా రసీదు లేదు. 183 ఏళ్ల ఏర్పాటు ఒక్క చట్టంతో ముగిసిపోయింది.

ఫ్రాన్సులో మాత్రం దారం తెగలేదు. 1673లో పద్నాలుగో లూయీ మంత్రి కొల్బేర్ వేసిన పునాది మీద పెరిగిన నావికుల సంస్థ ఇవాళ ఎనిమ్ అన్న పేరుతో నడుస్తోంది. పనిలో ఉన్న నావికుడికీ, రిటైరైనవాడికీ, వాళ్ల కుటుంబాలకీ పెన్షన్, వైద్యం రెండూ అక్కడినుంచే. రాచరికం పోయింది, విప్లవం వచ్చింది, గణతంత్రాలు ఒకదాని తర్వాత ఒకటి మారాయి. ఇది మిగిలింది. ఫ్రెంచి ప్రభుత్వం దానికి ఖజానా నుంచి పెద్ద మొత్తమే కలుపుతోందన్నది నిజం. ఆ నిజాన్ని దాచి వాదించడం నాకిష్టం లేదు. అయినా నావికుడి వాటా, యజమాని వాటా అందులో పడుతూ ఉన్నంతకాలం దాన్ని దానధర్మమని ఎవరూ కొట్టిపారేయలేకపోయారు. గ్రీనిచ్, స్టేటన్ ఐలాండ్, ఫ్రాన్సు మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే చందాకూ హక్కుకూ మధ్య ఉన్న ముడి ఎటువంటిదో తెలుస్తుంది. ఒక వైపు తెగితే దోపిడీ, రెండో వైపు తెగితే దయ. రెండూ నావికుడికి నిలబడే నేల కావు.

భారతీయ నావికుడు ఈ ముడి తెగిన బాధను తనదైన రూపంలో అనుభవించాడు. గోదావరి పాయ పక్కన కోరంగిలో ఓడలు కట్టి బంగాళాఖాతం మీద నడిపిన మనవాళ్ల సంగతి తెలుగువారికి చెప్పనక్కర్లేదు. 1839 తుఫాను ఆ రేవును ముంచేసింది. ఆవిరి ఓడలు వచ్చాక ఈ దేశపు కళాసీలు, సరంగులు బ్రిటిష్ కంపెనీల ఓడల మీదికి చేరారు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యేనాటికి వాళ్ల సంఖ్య 50 వేలు దాటింది. తెల్ల నావికుడి కంటే తక్కువ జీతానికి, వేరే ఒప్పందాల కింద పనిచేసేవారు. 1911 బ్రిటిష్ జాతీయ బీమా చట్టం వచ్చినప్పుడు, బ్రిటన్‌లో స్థిరనివాసం లేని నావికుల పేరున యజమానులు కట్టిన వాటా ఒక ప్రత్యేక నిధిలోకి వెళ్లింది. ఆ నిధి నుంచి పెన్షన్లు అందింది బ్రిటన్‌లో స్థిరపడిన నావికులకు. భారతీయ కళాసీ పేరున పడిన సొమ్ముతో మరొకరి ముసలితనం గడిచింది. గ్రీనిచ్ అన్యాయం రెండు శతాబ్దాల తర్వాత రంగు మార్చుకుని మళ్లీ వచ్చింది. ఈ చరిత్ర తెలిసిన దేశం తన నావికుడి ముసలితనం గురించి ఇతర దేశాలకంటే ముందు ఆలోచించి ఉండాల్సింది.

ఇప్పటి చట్టం ఏం చెబుతోంది? 2006లో జెనీవాలో ఆమోదం పొందిన సముద్ర కార్మికుల ఒప్పందం 2013 ఆగస్టు 20న అమలులోకి వచ్చింది. మన దేశం 2015 అక్టోబరులో దాన్ని ధ్రువీకరించింది. ఓడ మీద ఉండగా జబ్బుచేసినా దెబ్బ తగిలినా వైద్య ఖర్చు ఓడ యజమానిదే. కానీ ఆ బాధ్యతకు దేశాలు హద్దు పెట్టుకోవచ్చు. ఆ హద్దు జబ్బు మొదలైన రోజు నుంచి 16 వారాలకు తగ్గకూడదంతే. చెయ్యి విరిగినవాడికి 16 వారాలు సరిపోవచ్చు. ఓడ ఇచ్చే జబ్బులన్నీ విరిగిన ఎముకలు కావు. ఆస్బెస్టాస్ సంగతే చూడండి. వేడి తట్టుకోవడానికి ఇంజన్ రూము గొట్టాల చుట్టూ, బాయిలర్ల చుట్టూ దశాబ్దాలపాటు దాన్నే చుట్టారు. కొత్తగా వాడటాన్ని అంతర్జాతీయ నిబంధనలు 2002 జూలై నుంచి చాలావరకు, 2011 జనవరి నుంచి పూర్తిగా నిషేధించాయి. అంతకుముందు ఆ ధూళి పీల్చినవాడికి ఊపిరితిత్తుల పొరకు వచ్చే కేన్సరు బయటపడటానికి ఇరవై, ముప్పై, నలభై ఏళ్లు పట్టవచ్చు. అంటే ఆ ఓడల మీద 1990ల్లో కుర్రవాడిగా పనిచేసినవాడికి జబ్బు వస్తే అది రిటైరయ్యే వయసులో వస్తుంది. అప్పటికి ఆ ఓడ ఏ అలంగ్ తీరంలోనో ముక్కలై ఇనుముగా అమ్ముడైపోయి ఉంటుంది. యజమాని కంపెనీ పేరు మారిపోయి ఉంటుంది, లేదా ఉండనే ఉండదు. ట్యాంకర్లలో బెంజీన్ ఆవిరి పీల్చినవాడి రక్తం జబ్బూ, ఇంజన్ హోరుకు నెమ్మదిగా చచ్చిపోయిన చెవీ ఇలాంటివే. 16 వారాల గడియారం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే అసలు రోగం బయల్దేరుతుంది. రిటైరైన తర్వాతి వైద్యాన్ని నేను సౌకర్యమని అనకపోవడానికి కారణమిదే. అది పని ఖర్చులో ఒక భాగం. ఆలస్యంగా వచ్చే బిల్లు.

మన దగ్గర ఏమీ లేదనడం తప్పు. 1966 నావికుల ప్రావిడెంట్ ఫండ్ చట్టం ఉంది. నావికుడూ యజమానీ కట్టిన సొమ్ము పని మానేశాక వడ్డీతో చేతికొస్తుంది. నావికుల సంక్షేమ నిధి సంఘం వృద్ధాప్యంలోనూ, నావికుడు పోయాక కుటుంబానికీ కొంత సాయం చేస్తోంది. వీటిని నడిపినవాళ్ల శ్రమను తక్కువ చేయను. కానీ ఇవన్నీ ఇచ్చేది డబ్బు, వైద్యం కాదు. ఒక్క విడతలో వచ్చిన ప్రావిడెంట్ ఫండు కూతురి పెళ్లికో, ఇంటి అప్పుకో వెళ్లిపోవడం మన ఇళ్లలో లోపం కాదు, ఆనవాయితీ. ఐదేళ్ల తర్వాత స్టెంటు వేయాలన్నప్పుడు ఆ ఫండు ఉండదు. ఈఎస్ఐ అనే కార్మిక బీమా పరిధిలోని ఒక చిన్న కార్ఖానా కార్మికుడితో పోల్చండి. కనీసం ఐదేళ్లు బీమాలో ఉండి పదవీ విరమణ వయసుకు రిటైరైతే, ఏడాదికి 120 రూపాయలు కట్టి అతనూ భార్యా ఈఎస్ఐ వైద్యం పొందుతారు. నెలకు పది రూపాయలు! ఆ ఆసుపత్రుల్లో లోటుపాట్లు లేవా అంటే ఉన్నాయి. అయినా ఆ పది రూపాయలు కొనేది మందులను మాత్రమే కాదు, తలుపు తట్టే అధికారాన్ని. ఓడ కళాసీకి తట్టడానికి అలాంటి తలుపే లేదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం అందరికీ తెలిసిందే. మర్చంట్ నేవీవాళ్లకు డాలర్లలో జీతాలు, విదేశీ ఓడల మీద తగినన్ని రోజులు గడిపితే ఆ జీతం మీద ఇక్కడ పన్ను కూడా ఉండదు, వాళ్లే బీమా కొనుక్కోవచ్చు కదా అని. కెప్టెన్‌నీ చీఫ్ ఇంజనీర్‌నీ చూసి చెప్పే మాటగా దీనికి కొంత బలముంది. కానీ ఓడ మీద డెక్కు తుడిచేవాడూ, ఇంజన్‌కు నూనె పోసేవాడూ, వంటవాడూ ఉంటారు. వీళ్లకు చాలావరకు జీతం ఒప్పందం నడిచిన నెలలకే. ఇంట్లో ఉన్న నెలలు ఖాళీ. పైగా వాళ్ల ఉద్యోగం ఒక కాగితం మీద వేలాడుతుంది. ఓడ ఎక్కడానికి కావాల్సిన వైద్య ధ్రువపత్రం రెండేళ్లకు మించి చెల్లదు. యాభయ్యో ఏట షుగరో గుండెపోటో బయటపడి అన్‌ఫిట్ అని రాస్తే ఆదాయం ఆ రోజుతో ఆగుతుంది. సరిగ్గా ఆ మనిషే బీమా కంపెనీ దగ్గరికి వెళితే ఏమవుతుందో ఊహించండి. 65 దాటినవారికి కొత్త పాలసీలు నిరాకరించే హద్దును 2024లో నియంత్రణ సంస్థ తొలగించింది. మంచి పనే. ముందునుంచీ ఉన్న జబ్బుకు ఎదురుచూడాల్సిన గడువును నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించింది, అదీ మంచిదే. ప్రీమియం మాత్రం వయసుతో పాటు, జబ్బుతో పాటు పెరుగుతూనే ఉంటుంది. ఏ జబ్బు వల్ల కళాసీ ఉద్యోగం పోయిందో ఆ జబ్బే బీమాను అందనంత ఎత్తుకు తీసుకుపోతుంది. మార్కెట్ చేసే తప్పు కాదిది. విడివిడిగా, ఆలస్యంగా, జబ్బుపడ్డాక కొనే బీమా ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. పాతికేళ్ల వయసులో, ఆరోగ్యంగా ఉన్నప్పుడు, అందరూ కలిసి కట్టిన సొమ్మే అరవయ్యో ఏట ఆదుకోగలదు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. పనామా జెండా ఓడలో గ్రీకు యజమానికి పనిచేసినవాడి వైద్యానికి భారత ప్రభుత్వం ఎందుకు పూచీ పడాలి? దీనికి జవాబు మనం ధ్రువీకరించిన ఆ సముద్ర కార్మికుల ఒప్పందంలోనే ఉంది. సామాజిక భద్రత విషయంలో అది మొదట వేలెత్తి చూపేది నావికుడు మామూలుగా నివసించే దేశాన్ని. ఓడ జెండా ఏదైనా, తన గడ్డ మీద నివసించే నావికులకు అంచెలంచెలుగా రక్షణ కల్పిస్తామని ధ్రువీకరించిన దేశం మాటిచ్చింది. ఇది కాగితం మీది ఆదర్శమేనా అనుకునేవారికి ఫిలిప్పీన్స్ ఉంది. ప్రపంచ ఓడలకు మనకంటే ఎక్కువమంది నావికులను పంపే దేశం, మనలాగే ఎక్కువగా పరాయి జెండాల కిందకే పంపుతుంది. అక్కడి జాతీయ ఆరోగ్య బీమా అయిన ఫిల్‌హెల్త్‌లో 120 నెలల చందా కట్టి విరమణ వయసుకు చేరినవాడు ఆపైన పైసా కట్టకుండా జీవితాంతం సభ్యుడు, అతని మీద ఆధారపడినవాళ్లూ లబ్ధిదారులే. ఫిల్‌హెల్త్ చెల్లింపుల మీద, నిర్వహణ మీద అక్కడ విమర్శలు లేకపోలేదు. నేను చూపేది ఆ సంస్థ ఘనతను కాదు, ఆ నిబంధనను. పదేళ్లు కట్టు, తర్వాత నీది. మనీలాలో సాధ్యమైన వాక్యం మన దగ్గర రాయడానికి అసాధ్యం కాదు.

70 ఏళ్లు నిండినవారందరికీ ఆదాయంతో పని లేకుండా 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్ కింద ఏటా 5 లక్షల వరకు వైద్యం ఉంది, రాష్ట్రాల్లో ఆరోగ్యశ్రీ వంటివి ఉన్నాయి, మళ్లీ వేరే పథకమెందుకని అడిగేవారూ ఉన్నారు. నాకు ఆ పథకాలు కావలసినవే. కానీ అవి ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చు చూస్తాయి. బీపీ, షుగరు, ఆస్తమా మాత్రలకు నెలనెలా అయ్యే ఖర్చు బయటే మిగిలిపోతుంది. ముసలితనంలో ఇంటిని గుల్లచేసేది చాలాసార్లు ఈ నెలవారీ చీటీయే. యాభై ఐదుకో అరవైకో ఓడ దిగినవాడికీ డెబ్బైకీ మధ్య పది పదిహేనేళ్ల ఖాళీ ఉంది. ఆరోగ్యశ్రీకి ఆదాయపు హద్దు అడ్డురావచ్చు, ఓడ మీద ఉన్న కాలంలో అతని ఆదాయం ఆ హద్దు దాటి ఉండొచ్చు కాబట్టి. అంతకంటే పెద్ద సంగతి ఒకటుంది. మామూలు కార్డు మీద వచ్చిన కళాసీ ఊపిరితిత్తుల జబ్బును ఏ డాక్టరూ ఓడతో ముడిపెట్టి చూడడు. నావికుల కోసం ఒక జాబితా, ఒక వైద్య చరిత్ర ఉంటే తప్ప, ఏ ఓడలు ఏ జబ్బులిచ్చాయో దేశానికి ఎప్పటికీ తెలియదు.

కట్టించుకోవడం కష్టమంటారేమో. నిజానికి దేశంలో ఇంత తేలిగ్గా లెక్క తేలే కార్మికులు అరుదు. ప్రతి నావికుడికీ సీడీసీ అనే సేవా పుస్తకం ఉంది, ఇండోస్ అనే గుర్తింపు నంబరు ఉంది. ఎప్పుడు సైన్ ఆన్ అయ్యాడో, ఎప్పుడు సైన్ ఆఫ్ అయ్యాడో డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ దగ్గర నమోదవుతుంది. విదేశీ ఓడలకు మనుషులను పంపే ఏజెంట్లకు లైసెన్సు ఇచ్చేదీ అదే కార్యాలయం. 1798లో కస్టమ్స్ అధికారి రేవు దగ్గర చేసిన పనిని ఇవాళ ఆ లైసెన్సు చేయగలదు. చందా పడనిదే సైన్ ఆన్ నమోదు కాదు, అంతే. ఒక ఊహాలెక్క వేసి చూద్దాం. ప్రభుత్వ గణాంకాల ప్రకారం 2014లో 1.17 లక్షలున్న పనిలో ఉన్న మన నావికుల సంఖ్య 2023 నాటికి 2.8 లక్షలైంది. నావికుడు, యజమాని, ప్రభుత్వం తలా 500 రూపాయలు, అదీ ఓడ మీదున్న నెలల్లోనే, ఏడాదికి సగటున ఆరు నెలలనుకుందాం. ఏటా 252 కోట్ల రూపాయలు పోగవుతాయి. ఇరవైమంది భారతీయ సిబ్బంది ఉన్న ఓడ యజమానికి పడే భారం నెలకు 10 వేల రూపాయలు. ఈ మాత్రానికి భారతీయుణ్ణి వదిలి వేరే దేశం వాణ్ణి తీసుకుంటారన్న భయం నాకు నమ్మశక్యంగా లేదు. 500 సరైన అంకెనా, 800 కావాలా అన్నది బీమా లెక్కలు తెలిసినవారు తేల్చాలి. ఏ అంకెకు తేలినా, సొమ్ము మీద నావికుల ప్రతినిధికీ ఒక తాళంచెవి ఉండాలి. 1958 నాటి పాత చట్టం స్థానంలో 2025లో పార్లమెంటు కొత్త మర్చంట్ షిప్పింగ్ చట్టం చేసింది కనుక, నిబంధనలు రాసుకునే ఈ కాలమే దీన్ని చేర్చడానికి అదను.

ఇక మిగిలింది ఇప్పటికే దిగిపోయినవాళ్ల సంగతి. వాళ్లు చందా కట్టలేదు, కట్టమని ఎవరూ అడగలేదు కాబట్టి. నా వాదన ప్రకారమే వాళ్లకు హక్కెక్కడిదని ఎవరైనా నన్ను నిలదీయవచ్చు. ఈసీహెచ్ఎస్ మొదలైనప్పుడూ అంతకుముందే రిటైరైన సైనికులు లక్షల్లో ఉన్నారు. వాళ్లను బయట ఉంచలేదు. ఆస్బెస్టాస్ మధ్య ఈ దేశపు సరుకు మోసిన తరం తన వాటాను ఊపిరితిత్తులతో ఇప్పటికే చెల్లించింది. వాళ్ల ప్రవేశ రుసుమును ప్రభుత్వమే భరించాలి. వాళ్ల భార్యలకు మాత్రం కార్డు విడిగా, వాళ్ల సొంత పేరున ఉండాలి. భర్త ఏడాదిలో సగం సముద్రం మీద ఉంటే ఇల్లూ, పిల్లలూ, అత్తమామల ముసలితనం, అన్నీ ఒంటిచేత్తో ఈడ్చుకొచ్చింది ఆవిడే. అతని పేరున తీసుకున్న కార్డు అతనితోపాటే కాలం చేస్తే, బీపీ మాత్రల చీటీ పట్టుకుని కౌంటరు దగ్గర నిలబడిన ఆవిడను ముందు మరణ ధ్రువపత్రం తెమ్మంటారు.